రాత్రి నిడివిని కొలిచే పూలు

భాద్రపదం చివరి వారంలో నిజామాబాద్ నుంచి బోధన్ వైపు పొలాల వెంట నడిచేవాళ్లకు ఒక వింత కనిపిస్తుంది. జూన్ తొలకరికి మొలిచి నడుమెత్తు పెరిగిన గునుగు మొక్క పూతలో ఉంటుంది. ఆగస్టులో కలుపు తీశాక అదే గట్టు మీద మళ్లీ మొలిచి, ఇంకా మోకాలు దాటని గునుగు మొక్క కూడా పూతలోనే ఉంటుంది. రెంటికీ వయసులో రెండు నెలల తేడా ఉంది. పూత మాత్రం కొద్ది రోజుల అటూ ఇటుగా ఒకేసారి వచ్చింది. జూలైలో ఇదే గట్టు మీద ఒక్క వెన్ను లేదు. ఎండ ఉంది, వాన ఉంది, నేలలో పదును ఉంది. అయినా మొక్క పూయలేదు. మరి ఇప్పుడు దానికి ఎవరు కబురు చెప్పారు?

పూల మైదానాల్లో నడవడమంటే చాలామందికి ముందు గుర్తొచ్చేవి మంచు కొండలు. ఐరోపాలోని ఆల్ప్స్‌లో వేసవిలో జనం సామాన్లు వీపున వేసుకుని, రాత్రికి ఒక గుడిసెలో తలదాచుకుని, తెల్లారి పూల పచ్చికల మీదుగా మరో గుడిసెకు నడుస్తారు. మన దేశంలో ఉత్తరాఖండ్‌లో పూల లోయ ఉంది. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ దారి తప్పి దాన్ని చూశాడు. తర్వాత దాని మీద పుస్తకమే రాశాడు. 2005లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి పూలు జూలై, ఆగస్టు నెలల్లో ఒక్కసారిగా ఎందుకు విరుచుకుపడతాయో చెప్పడం సులువే. మంచు కరిగేది జూన్‌లో, మళ్లీ గడ్డకట్టే చలి మొదలయ్యేది శరత్తులో. మొలకెత్తడం, పూయడం, గింజ కట్టడం అన్నీ ఆ మూడు నాలుగు నెలల్లోనే ముగియాలి. అందుకే అక్కడి చాలా మొక్కలు కిందటి ఏడాదే మొగ్గను తయారుచేసి మంచు కింద దాచుకుంటాయి. మంచు తొలగగానే అది విచ్చుకుంటుంది.

నిజామాబాద్ సముద్రమట్టానికి దాదాపు నాలుగు వందల మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మంచూ లేదు, గడ్డకట్టే చలీ లేదు. మొక్క పెరగడానికి వీలైన నెలలు చాలానే ఉన్నాయి. అయినా మనకూ ఒక పూల మైదానం ఉంది, దానికీ కొద్ది వారాల గడువే ఉంది. జానకంపేట అశోక్‌సాగర్ చెరువు చుట్టూ, ఎడపల్లి పొలాల గట్ల మీద, 1931లో కట్టిన అలీసాగర్ జలాశయం పక్కన గుట్టల వాలులో, అక్కడినుంచి శక్కర్‌నగర్ దాకా తెలుపు, గులాబి, పసుపు రంగులు పరుచుకుంటాయి. దారిలో ఆగి కూచోడానికి పొలాల్లో కావలి గుడిసెలున్నాయి, మోటరు కొట్టాలున్నాయి. ఈ నడకకు టికెట్టు లేదు, గైడు లేడు. బతుకమ్మ పండుగ కోసం పూలు కోసుకొచ్చే ఆడవాళ్లు తరాలుగా చేస్తున్న నడకే ఇది. దీన్ని పూల యాత్ర అని ఎవరూ పిలవకపోవచ్చు. నా దృష్టిలో మాత్రం ఇది హిమాలయాల నడకకు ఏ విధంగానూ తక్కువ కాదు.

పొగాకు మొక్క నేర్పిన పాఠం

పూత రహస్యం మొదట బయటపడింది ఒక పొగాకు పొలంలో. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు ఒక వింత రకం పొగాకు ఎదురైంది. వేసవి పొడుగునా అది మనిషిని మించి పెరిగింది, ఆకులేసింది, పూత మాత్రం వేయలేదు. అదే మొక్కను చలికాలంలో అద్దాల ఇంట్లో పెంచితే చిన్నగా ఉండగానే పూసింది. ఇంకో సంగతి కూడా వాళ్ల కంట పడింది. ఒక రకం సోయా చిక్కుడును కొన్ని వారాల తేడాతో విడతలుగా విత్తితే, ముందు విత్తినదీ వెనక విత్తినదీ దాదాపు ఒకే సమయంలో పూతకొచ్చింది. మన గట్టు మీద గునుగు చేసిన పనే ఇది.

వాళ్లు వేడిని అనుమానించారు, నీటిని అనుమానించారు, ఎరువును అనుమానించారు. అవేవీ కాదని తేల్చుకున్నాక, వేసవి మధ్యాహ్నం మొక్కల్ని కుండీలతో సహా చీకటి కొట్టంలోకి నెట్టి పగలును కుదించారు. పొగాకు పూసింది. 1920లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పగలు ఎంత పొడుగో మొక్క గమనిస్తుందన్న మాట అప్పటిదాకా దాదాపు ఎవరికీ తోచలేదు. తోచినా నమ్మేవాళ్లు తక్కువే.

ఆ మాటకు అసలైన దిద్దుబాటు 1938లో వచ్చింది. హామ్నర్, బానర్ అనే పరిశోధకులు దానికోసం ఎంచుకున్న మొక్క మనకు బాగా తెలిసిందే, మరులమాతంగి. ఎండిన చెరువు శిఖంలో మొలిచి, ముళ్లకాయలతో పంచెలకూ చీరలకూ అంటుకునే మొక్క. దానికి ఒక్క పొడుగాటి రాత్రి చూపిస్తే చాలు, పూతకు సిద్ధమవుతుంది. పగటి మధ్యలో కొంతసేపు చీకటి చేస్తే దానికి ఏమీ పట్టలేదు. రాత్రి మధ్యలో కొన్ని నిమిషాల వెలుగు చూపిస్తే మాత్రం పూత ఆగిపోయింది. అంటే మొక్క కొలుస్తున్నది పగటిని కాదు, ఎడతెగని చీకటిని.

ఆకులో ధారాపాత్ర

చీకటిని కొలవాలంటే ముందు వెలుగును గుర్తుపట్టగలగాలి. ఆ పని చేసే పదార్థం ఆకులో ఉంది. దాని పేరు ఫైటోక్రోమ్. ఇది ఒక ప్రొటీను, దీనికి రెండు రూపాలున్నాయి. ఎండలోని ఎర్రటి వెలుగు తగలగానే ఇది చురుకైన రూపంలోకి మారుతుంది. చీకటి పడ్డాక ఆ చురుకైన రూపం మెల్లగా తరిగిపోతుంది.

శివాలయంలో లింగం మీద వేలాడే ధారాపాత్రను తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సాయంత్రం పాత్ర నిండుగా ఉంటుంది. రాత్రంతా బొట్టు బొట్టుగా కారుతుంది. తెల్లారేలోపే పాత్ర ఖాళీ అయితే ఆ రాత్రి పొడుగైనదని లెక్క. ఇంకా నీళ్లుంటే పొట్టిదని లెక్క. అర్ధరాత్రి ఎవరో వచ్చి ఒక చెంబెడు పోస్తే లెక్క మొదటికి వస్తుంది. మరులమాతంగికి రాత్రి మధ్యలో వెలుగు చూపినప్పుడు జరిగింది అదే. అయితే ఇంత చెప్పాక ఒక సవరణ చెప్పాలి. మొక్క కణాల్లో ఇరవై నాలుగు గంటల చొప్పున తిరిగే ఒక అంతర్గత గడియారం కూడా ఉంది. రాత్రిలో ఏ ఘడియకు వెలుగు తగిలిందన్నది ఆ గడియారం చూస్తుంది. పాత్రా గడియారమూ కలిసి లెక్క తేలుస్తాయి. వెన్నెల చాలా మసక వెలుగు కాబట్టి మామూలుగా ఈ కొలతను చెడగొట్టదు.

మరి లెక్క తేలింది ఆకులో, పువ్వు రావలసింది కొమ్మ కొసన. ఆకు నుంచి కొసకు కబురు ఎలా చేరుతుంది? సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ 1930లలోనే, ఆకులో తయారై కొసకు ప్రయాణించే పదార్థం ఏదో ఉండాలని చెప్పి దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. పూతకొచ్చిన మొక్క ఆకును పూతకురాని మొక్కకు అంటుగడితే రెండోదీ పూసేది. కాబట్టి కబురు నడుస్తోందన్నది ఖాయం. ఆ కబురు ఏమిటన్నది మాత్రం దాదాపు డెబ్బై ఏళ్లు చిక్కలేదు. 2007లో తేలింది, అదొక చిన్న ప్రొటీను. ఆవజాతి మొక్క ఒకదానిలోనూ వరిలోనూ దాన్ని పట్టుకున్నారు. ఆకు ఈనెల గుండా, చక్కెర ప్రవహించే నాళాల్లోనే అది కొసకు చేరుతుంది. చేరాక అక్కడి కణాలు ఆకులు వేయడం మాని పువ్వులు కట్టడం మొదలుపెడతాయి.

నిజామాబాద్‌లో పగలూ రాత్రీ: చిన్న లెక్క

నిజామాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరంగా 18.7 డిగ్రీల దగ్గర ఉంది. జూన్ 21 ప్రాంతంలో ఇక్కడ పగలు దాదాపు 13 గంటల పావు. డిసెంబరు 21 ప్రాంతంలో 11 గంటలు. ఏడాది మొత్తం మీద తేడా రెండుంపావు గంటలే. ఆగస్టు చివరికి పగలు 12 గంటల 30 నిమిషాలకు దిగుతుంది. సెప్టెంబరు 21 నాటికి రాత్రి 11 గంటల 50 నిమిషాలు ఉంటుంది. అక్టోబరు 14 నాటికి 12 గంటల 15 నిమిషాలు అవుతుంది. ఇంత చిన్న తేడాను మనిషి గమనించలేడు, మొక్క గమనిస్తుంది.

వాన రాకకు నమ్మకం లేదు, పోకకు ఉంది

మొక్క ఇంత శ్రమపడి రాత్రిని ఎందుకు కొలవాలి? వాన పడగానే పెరిగి, పెరగగానే పూస్తే సరిపోదా?

మన వానల తీరు చూస్తే జవాబు దొరుకుతుంది. తొలకరి ఒక ఏడు జూన్ మొదటి వారంలో వస్తుంది, ఒక ఏడు జూలై దాకా మొహం చాటేస్తుంది. ఋతుపవనాలు వెనక్కి మళ్లేది మాత్రం అక్టోబరులోనే. రాకలో ఉన్నంత తారుమారు పోకలో లేదు. జూలై ముసురులో పూస్తే పుప్పొడి తడిసి ముద్దవుతుంది, తేనెటీగలు గూడు దాటవు, కట్టిన గింజ వెన్నులోనే మొలకెత్తుతుంది. నవంబరు దాకా ఆగితే నేల పదును తగ్గుతుంది. వానలు తెరిపిచ్చి, నేలలో ఇంకా తేమ ఉన్న ఆ కొద్ది వారాలే సరైన సమయం. ఆ సమయం ఎప్పుడో ఆకాశంలో మబ్బును చూసి చెప్పలేం. రాత్రి నిడివి మాత్రం ఏ ఏడూ తప్పదు.

మన పాత జొన్న రకాలు, పాత వరి రకాలు చాలావరకు ఇదే లెక్క మీద బతికాయి. రైతు కొంచెం ముందు విత్తినా వెనక విత్తినా, కంకి వానలు వెనక్కి తగ్గే వేళకే వచ్చేది. ఆ లెక్కను మనిషి కావాలనే తీసేశాడు. 1966లో వచ్చిన ఐఆర్-8, దాని తర్వాతి పొట్టి వరి రకాలు రాత్రి నిడివిని పట్టించుకోవు. నాటిన ఇన్ని రోజులకు కోత అని లెక్కపెట్టుకోవచ్చు. నిజాంసాగర్ కాలువ కింద వానాకాలమూ యాసంగీ రెండు పంటలు తీయగలుగుతున్నామంటే, నీళ్లతో పాటు ఈ మతిమరుపు కూడా ఒక కారణం.

బోధన్ చెరకుదీ అదే గడియారం

ఈ కథ బోధన్‌లో మరింత రసవత్తరం. ఎందుకంటే ఇక్కడి చెరకు కూడా చీకటినే కొలుస్తుంది. పువ్వు కోసం మనం ఎదురుచూస్తాం, చెరకు రైతు మాత్రం పూత వద్దని కోరుకుంటాడు.

మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట 1931కి పూర్తయింది. కాలువ నీళ్లు పారాక చెరకు విస్తరించింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు ఉన్న కాలమంతా దాన్ని పండించేవాళ్లను వేధించిన ప్రశ్నల్లో పూత ఒకటి. చెరకు పూతకు నిర్ణయం జరిగేది పగలు పన్నెండున్నర గంటల దగ్గర ఉన్నప్పుడు, వరసగా కొన్ని రాత్రుల పాటు. పైన వేసిన లెక్క చూడండి, ఇక్కడ అది ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో వస్తుంది. అప్పుడు గడ కొసన లోపల మార్పు మొదలవుతుంది. బయటికి ఏమీ కనిపించదు. వెండి రంగు కుచ్చు ఆకుల్లోంచి పైకి లేచేది రెండు మూడు నెలల తర్వాతే.

కొస పువ్వుగా మారాక గడకు ఇక కొత్త కణుపులు రావు. పెరుగుదల ఆగుతుంది. మొదట్లో దీనివల్ల నష్టం లేదు, పెరగడానికి ఖర్చయ్యే చక్కెర గడలోనే నిలుస్తుంది. కోత ఆలస్యమైతేనే చిక్కు. గడ పైభాగం బెండుబారుతుంది, రసం తగ్గుతుంది, పీచు పెరుగుతుంది, పక్క కళ్లు చిగురించి దాచుకున్న చక్కెరను తినేస్తాయి. అందుకే పూసిన తోటను ముందు నరకాలంటారు. ఫ్యాక్టరీ గానుగకు వంతు ఎప్పుడొస్తుందో అన్నదాని మీద రైతు ఆదాయం ఎంతగా ఆధారపడుతుందో ఇక్కడ తెలుస్తుంది. పూత పెట్టే అలవాటు తక్కువున్న రకాలను ఎంచుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గం. బోధన్‌కు దగ్గర్లోని రుద్రూరు పరిశోధన కేంద్రం ఉన్నది చెరకు, వరి పంటల కోసమే.

కొత్త రకం పుట్టించాలంటే మాత్రం పువ్వే కావాలి. చెరకు ధారాళంగా పూసి గింజ కట్టే చోటు కోయంబత్తూరు. అందుకే 1912లో చెరకు ప్రజనన కేంద్రాన్ని అక్కడ పెట్టారు. అక్కడ బార్బర్, వెంకటరామన్‌లు లావు చెరకును అడవి చెరకుతో కలిపారు. ఆ అడవి చెరకు ఎవరో కాదు, వానలు తగ్గే వేళకు మంజీర ఇసుక మేటల మీద తెల్లగా పూసే మన రెల్లు. ఆ కలయికలోంచి 1918లో వచ్చిన కో-205 రకం ఉత్తర భారతం చెరకు సాగునే మార్చేసింది. రెండు చెరకులకూ పూత ఒక వేళకు కుదిరితేనే ఆ పెళ్లి జరుగుతుంది. కుదరకపోతే దీపాలు పెట్టి ఒకదాని రాత్రిని విరగ్గొట్టి, దాని పూతను వెనక్కి జరుపుతారు. పండుగ ధరకు అందేలా చామంతి పూతను ఆపడానికి బెంగళూరు చుట్టుపక్కల తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించేదీ ఇందుకే.

తంగేడు వేరే దారి

పసుపు రంగు తంగేడును ఈ లెక్కలో కట్టేయకూడదు. వానాకాలం చివర విరగబూసినా, నీరు దొరికితే మిగతా నెలల్లోనూ అది పూస్తూనే ఉంటుంది. దాని విశేషం వేరే ఉంది.

తంగేడు పువ్వులో మకరందం లేదు. వచ్చిన అతిథికి పెట్టేది పుప్పొడే. ఆ పుప్పొడి కూడా తెరిచిన దుకాణంలా పైకి ఉండదు, కేసరం కొసన సన్నటి రంధ్రం ఉన్న తిత్తిలో దాక్కుంటుంది. దాన్ని బయటికి తీయడం తుమ్మెదకు తెలుసు. నల్లటి తుమ్మెద పువ్వును కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఛాతీ కండరాలను మాత్రం సెకనుకు వందల సార్లు అదిరిస్తుంది. అప్పుడు మామూలు ఝుంకారం కంటే గట్టి మోత వినిపిస్తుంది. ఆ అదురుకు రంధ్రంలోంచి పుప్పొడి చిమ్ముతుంది. మన తేనెటీగకు ఈ విద్య రాదు. వంకాయ, టమాటా పువ్వులకూ ఇలాంటి తిత్తులే ఉన్నాయి. కాబట్టి గుట్ట మీద తంగేడును ఆశ్రయించే తుమ్మెద పక్క పొలంలో వంగ తోటకు కూడా పనికొస్తుంది.

పువ్వును దగ్గరగా చూస్తే కేసరాలన్నీ ఒక రకంగా ఉండవు. పైన మూడు గొడ్డువి. మధ్యవి తుమ్మెద తిండికి. కింద పొడుగ్గా వంగినవి దాని ఒంటికి పుప్పొడి పూయడానికి, తుమ్మెద నోటికి అందని చోట. పశువులు అంతగా ముట్టవు కాబట్టి ఈ పొద బీడు గుట్టల మీద కూడా నిలిచింది. బెరడులోని వగరు తోళ్లు ఊనడానికి ఎన్నో తరాలు ఉపయోగపడింది. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా దీన్నే ఎంచుకున్నారు.

గునుగు వాడదెందుకు

కోసిన తంగేడు సాయంత్రానికే వాలిపోతుంది. గునుగు తొమ్మిది రోజులైనా నిలుస్తుంది. కారణం తేలికే. మనం చూసి పువ్వనుకునే ఆ తెల్లటి, గులాబి కొసల రేకులు పుట్టడమే పొడిగా, కాగితంలా పుడతాయి. వాటిలో కోల్పోవడానికి నీరు లేదు. అందుకే రంగు నీళ్లలో ముంచితే రంగు కూడా చక్కగా పట్టేస్తుంది. వెన్ను కింది నుంచి పైకి విచ్చుతుంది. కొసన ఇంకా పూలు తెరుచుకుంటుండగానే అడుగున మెరిసే నల్లటి గింజలు పండి రాలుతుంటాయి.

సూర్యుడి లెక్క, చంద్రుడి పండుగ

ఇక్కడ ఒక సందేహం రావాలి. మొక్క నడిచేది సూర్యుడి లెక్కన. పండుగ నడిచేది చంద్రుడి లెక్కన. రెండూ కలుస్తాయా?

పూర్తిగా కలవవు. బతుకమ్మ మొదలయ్యే పెత్తరమావాస్య 2023లో అక్టోబరు 14న వచ్చింది. 2025లో సెప్టెంబరు 21నే వచ్చింది. ఈ రెంటి మధ్య రాత్రి నిడివి తేడా దాదాపు పాతిక నిమిషాలు. పండుగ ముందుగా వచ్చిన ఏడు పూత ఇంకా పుంజుకుంటూ ఉంటుంది, ఆలస్యంగా వచ్చిన ఏడు గునుగు నిండుగా ఉంటుంది. ఈ జారుడు అదుపు తప్పకుండా ఉండడానికే పంచాంగంలో అధిక మాసం ఉంది. 2023లో అధిక శ్రావణం రాకపోతే బతుకమ్మ సెప్టెంబరు మధ్యలోనే వచ్చేది. ఆ సవరణే లేకపోతే పండుగ ఏడాదికి పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరిగి, కొన్నేళ్లకు పూలు లేని జూలైలో పడేది.

గట్టు మీద ఏం మారుతోంది

ఆల్ప్స్‌లో మంచు త్వరగా కరిగితే పూలూ త్వరగా వస్తాయి. మన గునుగుకు అలా ముందుకు జరిగే వీల్లేదు, రాత్రి నిడివి వాతావరణంతో మారదు కదా. వానలు అక్టోబరు చివరిదాకా సాగిన ఏడు అది తడుస్తూనే పూయాల్సి వస్తుంది. ఈ మొక్కలకు కాలం మారినా గంట మారదు.

రాత్రిని మార్చగలిగింది మనిషి ఒక్కడే. రోడ్డు పక్క గట్టి దీపం కింద ఉన్న సోయా మొక్కలు మిగతా చేను ఎండుతున్నా పచ్చగానే ఉండిపోవడం అమెరికా పొలాల్లో చక్కగా నమోదైన సంగతి. సోయా నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల పంట కూడా. ఊరి చివర కొత్త స్తంభాలు నాటేటప్పుడు దీపం పొలం వైపు కాకుండా రోడ్డు మీదికి వంచితే ఖర్చేమీ పెరగదు.

అంతకంటే పెద్ద మార్పు కలుపు మందుది. వెడల్పాకు కలుపు కోసం మొక్కజొన్నలో చల్లే అట్రాజిన్ లాంటి మందులకు గునుగు కూడా కలుపే. చేతులతో కలుపు తీసిన కాలంలో చేనులోది పీకేసినా గట్టు మీదది మిగిలేది. లేతగా ఉన్నప్పుడు దాని ఆకు కూర వండుకునేవాళ్లు. మందు గట్టును కూడా వదలడం లేదు. పట్నంలో బతుకమ్మకు గునుగును కట్టలుగా కొనుక్కునే ఇళ్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. పూత కోసం దానికి కావలసిన రాత్రి ఉంది, తేమ ఉంది, గింజ మాత్రం ప్రతి ఏడూ తగ్గుతోంది. పండుగకు మొదటి వెన్నును కోసినా మొక్కకు నష్టం లేదు, పక్క కొమ్మలు తర్వాత పూసి కార్తీకంలో గింజ రాలుస్తాయి. రైతు చేనులో ఎలా చేసుకున్నా, గట్టు వరకు మందు కొట్టకుండా, కార్తీకం దాటేదాకా కోయకుండా వదిలితే మరుసటి తొలకరికి అక్కడ మళ్లీ మొలుస్తుంది.